రేకుల ఇంట్లో చలికాలం: ఖర్చు పెరగకుండా ఇల్లు వెచ్చగా ఉంచుకునేదెట్లా

తెలంగాణలో చలి అంటే ముందు ఆదిలాబాదే గుర్తొస్తది. ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్-యూ, గిన్నెధరి దిక్కు, ఇటు సంగారెడ్డి జిల్లా కోహీర్ దిక్కు డిసెంబర్, జనవరిలో రాత్రిపూట ఏడెనిమిది డిగ్రీలకు వస్తది, గట్టిగా పడితే ఐదారుకు కూడా దిగుతది. అటు ఆంధ్రాలో లంబసింగి, పాడేరు, అరకులో కూడా ఇదే పరిస్థితి. కానీ మన ఇళ్ళన్నీ ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టుకున్నవి, మే నెలలో 45 డిగ్రీలు తట్టుకోవాలె కాబట్టి గాలి ఆడనీకి సందులు వదుల్తం, కింద బండలో టైల్సో వేస్తం, పైసలు తక్కువుంటే పైన రేకులు వేస్తం, మళ్ళీ ఆ ఇంట్లనే చలికాలం కూడా వెళ్ళదీయాలె. నేను రాసేది ముఖ్యంగా ఈ రేకుల ఇళ్ళల్లో, కిరాయి రూముల్లో ఉండేటోళ్ళకు. స్లాబ్ ఇల్లు ఉన్నోళ్ళకు కూడా సగం పైన పనికొస్తది.

చలి మొదలవగానే చాలామంది ముందు చేసే పని హీటర్ కొనుడు. సందులన్నీ అట్లనే ఉండి పైన ఉత్త రేకు ఉన్నప్పుడు రెండు వేల వాట్ల హీటర్ పెట్టినా అది బంద్ చేసిన పది నిమిషాలకే రూమ్ మళ్ళీ చల్లబడతది, ఎందుకంటే వేడిని పట్టి ఉంచేది అక్కడ ఏమీ లేదు. అందుకే ముందు గాలి సందులు మూయాలె, తర్వాత పైకప్పు చూడాలె, ఆ తర్వాత నేల, పడక. హీటర్ సంగతి అన్నిటికన్నా చివర. ఈ వరసలో పోతే చాలా ఇళ్ళల్లో హీటర్ దాకా పోయే అవసరమే రాదు.

సందులు ఎక్కడున్నయో పట్టుకోనీకి రాత్రి పడుకునే ముందు ఫ్యాన్ బంద్ చేసి ఒక అగరుబత్తి ముట్టించి తలుపు అంచుల వెంబడి, కిటికీ రెక్కల దగ్గర, రేకు గోడ మీద కూర్చున్న చోట మెల్లగా తిప్పండి. పొగ నిలువుగా పోకుండా వంగిన చోటల్లా గాలి వస్తున్నట్టే. సిమెంట్ రేకుల ఇంట్లో ఎక్కువ గాలి వచ్చేది తలుపు నుంచి అనుకుంటరు కానీ రేకుకు ఉండే వంపుల కింద, గోడకు రేకుకు మధ్యల, ఒక్కో వంపుకు రెండు మూడు వేళ్ళు పట్టేంత సందు ఉంటది, గోడ పొడుగూతా అవే సందులు, అన్నీ కలిపి చూస్తే ఒక చిన్న కిటికీ రాత్రంతా తెరిచి పెట్టినట్టే లెక్క. పాత గోనెసంచి ముక్కలు ఉండ చుట్టి ఆ వంపుల్లో కుక్కి, దాని మీద సిమెంటో, గడ్డి కలిపిన మట్టో మెత్తాలె, మెత్తకపోతే ఎలకలు దాంట్లనే కాపురం పెడతయి. వంట చేసే చోట మాత్రం పైన గాలి పోయే దారి మూయొద్దు, అది పొగకు, గ్యాస్‌కు ఉండాల్సిందే.

ఇంకోటి చాలామందికి కళ్ళ ముందే ఉండి కనపడనిది కూలర్. ఎండాకాలం కిటికీకి బిగించిన కూలర్ మన దగ్గర ఏడాది పొడుగునా అట్లనే ఉంటది, దాని మూడు పక్కలా జాలీలే కాబట్టి బయటి చలి గాలి నేరుగా మంచం మీదికి వస్తది. తీసి కిటికీ మూసేస్తే మంచిది, తీయడం కుదరకపోతే బయటి నుంచి మందం కవర్ కప్పి తాడుతో బిగించి, లోపలివైపు అట్టముక్క పెట్టి టేప్ వేయండి. తలుపు కింద సందుకు హార్డ్‌వేర్ షాపులో రబ్బరు పట్టీ దొరుకుతది, అది కూడా వద్దనుకుంటే పాత ప్యాంటు కాలు ఒకటి కోసి ఇసుకో ఊకో నింపి రెండు వైపులా కుట్టి తలుపు మొదట్లో పెట్టుకుంటే సరిపోతది.

ఇప్పుడు అసలు సంగతి పైకప్పు. మబ్బు లేని రాత్రి ఎక్కువ చలి పెడతదని అందరికీ తెలుసు, ఎందుకంటే నేల మీది వేడి ఆకాశంలోకి పోతుంటే మధ్యల ఆపే మబ్బు ఉండదు. మన రేకు కూడా అట్లనే వేడిని పైకి వదుల్తది, పలచగా ఉంటది కాబట్టి తొందరగా చల్లబడి, తెల్లారేసరికి బయటి గాలి కన్నా కూడా చల్లగా అయితది. ఇనుప రేకైతే తెల్లారుజామున నాలుగు దాటినాక లోపలివైపు చెయ్యి పెట్టి చూడండి, తడి అంటుతది. మనం రాత్రంతా వదిలిన ఊపిరి, వంట ఆవిరి పోయి ఆ చల్లటి రేకుకు తగిలి నీళ్ళయితది, అది వాలు వెంబడి జారి బోల్ట్ దగ్గర చుక్క కట్టి దుప్పటి మీద పడతది. పిల్లలు పడుకున్న చోట పడితే ఇగ వాళ్ళు నిద్రపోరు.

దీనికి తక్కువ ఖర్చు మందు రేకు కింద ఇంకో పొర కట్టుడు. రేకుకు దానికి మధ్యల కనీసం జానెడు ఖాళీ ఉండాలె, ఆ ఖాళీలో కదలకుండా నిలిచిన గాలే చలిని ఆపేది. వాడేసిన ఫ్లెక్సీలు ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్లో అడిగితే తక్కువకే ఇస్తరు, లేకుంటే టార్పాలిన్, లేకుంటే గోనెపట్టా కుట్టి దాని కింద పాత చీర. రేకును మోసే పైపులకు, దూలాలకు బైండింగ్ తీగతో కట్టి కొంచెం వాలుగా గోడ దిక్కు దించితే పైన పడ్డ చుక్కలు కూడా అటే జారి పోతయి. పడుకునే రూమ్ ఒక్కదానికి కడితే చాలు, ఇల్లంతా అవసరం లేదు. వంటింట్లో, దీపం పెట్టే చోట, కరెంట్ హోల్డర్ పక్కన మాత్రం అసలు కట్టొద్దు, ఫ్లెక్సీ అయినా బట్ట అయినా అంటుకుంటే మొత్తం ఒక్కసారే మీద పడతది. థర్మోకోల్ షీట్లు వేసేటోళ్ళకు కూడా ఇదే మాట, దానికి మంట తొందరగా అంటుకుంటది, పొగ కూడా చాలా చెడ్డది. కొంచెం పైసలు పెట్టగలిగితే రెండు వైపులా మెరిసే ఫాయిల్ ఉండి మధ్యల గాలి బుడగలుండే షీట్ రోల్స్ దొరుకుతయి, అవి ఎండాకాలం వేడిని కూడా ఆపుతయి కాబట్టి నా లెక్కలో ఆ ఖర్చు దండగ కాదు.

సిమెంట్ రేకు ఉన్నోళ్ళు ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి, రేకుకు డ్రిల్ వేసి రంధ్రాలు పెట్టొద్దు, పగలగొట్టొద్దు, గీకొద్దు. చాలా సిమెంట్ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటది, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఏండ్ల తరబడి ఉండి క్యాన్సర్ దాకా తీసుకపోతది. కట్టేదేదైనా పైపుకే కట్టండి. పైన వేసే తెల్ల కూల్ పెయింట్ గురించి కూడా అడుగుతుంటరు, చలికాలం పగటిపూట ఎండ వేడి కొంచెం తక్కువ దిగుతది, అది నిజమే, కానీ మన దగ్గర మూణ్ణెల్ల చలి కోసం నాలుగు నెలల ఎండను నెత్తిన పెట్టుకోలేం, వేసుకున్నోళ్ళు అట్లనే ఉంచుకోండి.

ఎండ పైసలు అడగదు కాబట్టి దాన్ని వాడుకోవాలె. చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి పోతడు, దక్షిణాయనం అని మనకు తెలిసిందే, అందుకే ఈ కాలంలో ఇంట్లోకి లోపలి దాకా ఎండ వచ్చేది దక్షిణం కిటికీ నుంచి. వాస్తు అని చెప్పి చాలా ఇళ్ళల్లో దక్షిణం కిటికీ ఎప్పుడూ మూసే ఉంచుతరు, దానికి అడ్డంగా బీరువా కూడా పెడతరు. ఈ రెండు మూణ్ణెల్లు బీరువా జరిపి పొద్దున పదింటి నుంచి మూడు నాలుగింటి దాకా ఆ కిటికీ, కర్టెన్ తీసి పెట్టండి, ఎండ పడ్డ గోడ, బండ రాత్రి కొంతసేపు వేడిని వదుల్తయి. నాలుగున్నరకు మాత్రం ఠంచనుగా అన్నీ మూసేయాలె, ఆరింటి దాకా తెరిచి పెడితే పగలంతా పట్టింది పోయినట్టే. గ్లాసు కిటికీలకు లోపలి నుంచి బబుల్ షీట్ అంటిస్తే వెలుగు వస్తది, చలి తగ్గుతది, కిరాయి ఇంట్లో ఓనర్‌తోని లొల్లి కూడా ఉండదు.

నేల గురించి ఎక్కువ చెప్పేది లేదు. బండ మీద చాప, చాప మీద జంపఖానా, అంతే. కింద పడుకునేటోళ్ళు చాప కింద అట్టపెట్టెలు విప్పి పరిస్తే తేడా మొదటి రాత్రే తెలుస్తది.

పడక మీద మాత్రం మనసు పెట్టాలె, ఎందుకంటే రాత్రి ఎనిమిది గంటలు మనం వెచ్చబెట్టాల్సింది ఆరడుగుల మంచాన్ని, మొత్తం రూమ్‌ను కాదు. నవారు మంచం, నులక మంచం మీద పడుకునేటోళ్ళు పైన ఎన్ని కప్పుకున్నా చలి పెడుతుందంటే అది కింది నుంచి వస్తుంది, ముందు కింద మందం బొంత పడాలె. పాత చీరలు, లుంగీలు ఏడెనిమిది పొరలు పెట్టి కుట్టిన బొంతకు ఖర్చు దారమే. పైన కప్పుకునేదానికి ఒకే మందం రగ్గు కన్నా రెండు మూడు పలచటివి మంచిది, పొరల మధ్యల గాలి చిక్కి వెచ్చదనం ఆగుతది. సోలాపూర్ చెద్దరు ఒంటికి ఆనేటట్టు, దాని మీద రజాయి.

రజాయి కొనే ముందు ఇంట్లో పాతది ఉందేమో చూడండి. మనది పత్తి జిల్లా, ఆదిలాబాద్ మార్కెట్‌కు ఈ సీజన్‌లోనే పత్తి బండ్లు వరసగా వస్తయి, పరుపులు కుట్టేటోళ్ళ దగ్గర దూది దొరకదనే మాట ఉండదు. పాత రజాయిలో దూది ఉండలు కట్టి ఒక మూలకు పోయి ఉంటది, అందుకే కప్పుకున్నా బరువే తప్ప వెచ్చగా ఉండదు. దాన్ని విప్పించి దూది మళ్ళీ ఏకించి, తక్కువైతే కొంచెం కొత్త దూది కలిపించి కుట్టిస్తే పొంగి కొత్తదాని లెక్క అయితది, ఖర్చు కొత్తదాంట్లో సగం కూడా కాదు. తర్వాత వారానికి రెండు మూడుసార్లన్నా మధ్యాహ్నం ఎండలో వేయాలె, దూది తేమ పీల్చుకుంటది, తేమ పట్టిన రజాయి వేడిని ఆపదు.

గొంగడి ఉన్నోళ్ళు అదృష్టవంతులు. మన దక్కనీ గొర్రెల బొచ్చుతో కురుమలు నేసే గొంగడి గరుకుగా ఉంటది నిజమే కానీ దాన్ని ఒంటికి ఆనించొద్దు, అన్నిటికన్నా పైన కప్పాలె, మంచు తడి లోపలికి రానియ్యదు, నిప్పు రవ్వ పడ్డా భగ్గున అంటుకోదు. ఈ మధ్య గొంగడి అని చెప్పి యాక్రిలిక్ కలిపినవి కూడా అమ్ముతున్నరు, కొనేటప్పుడు అంచున ఒక పోగు లాగి అగ్గిపుల్ల పెట్టి చూడండి, ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి పొడి పొడి బూడిద అయితది, ప్లాస్టిక్ దారమైతే కరిగి గట్టి పూస లెక్క అయితది.

ఇప్పుడు కరెంట్. చలికాలం బిల్లు పెరిగేది ఎక్కువగా స్నానం నీళ్ళతోనే. ఇరవై లీటర్ల బకెట్ నీళ్ళను 25 డిగ్రీలు పెంచాలంటే అర యూనిట్ పైననే పడతది, హీటర్ రాడ్ ఏ కంపెనీదైనా ఇదే లెక్క, ఎక్కువ వాట్లది తొందరగా కాగుతది అంతే. ఇంట్లో నలుగురుంటే రోజుకు రెండు యూనిట్ల పైన, నెలకు డెబ్బై దాకా. దీన్ని సగం చేసే ఉపాయం బోరు ఉన్నోళ్ళ చేతిలోనే ఉంది. మిద్దె మీద ట్యాంకులో రాత్రంతా ఉన్న నీళ్ళు పొద్దున్నే పదిహేను డిగ్రీల దాకా పడిపోతయి, అదే భూమి లోపలి నుంచి అప్పుడే వచ్చిన బోరు నీళ్ళు చలికాలంలో కూడా 25 డిగ్రీల పైననే ఉంటయి, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతది. స్నానాల టైమ్‌కు మోటార్ వేసి నేరుగా బకెట్లు పట్టుకుంటే రాడ్ సగం టైమ్ పెడితే చాలు. బోరు లేనోళ్ళు సాయంత్రం నాలుగింటికి, ట్యాంకు ఎండకు వేడెక్కి ఉన్నప్పుడే, రేపటి నీళ్ళు పట్టి లోపల మూత పెట్టి ఉంచుకోండి. రాడ్ స్విచ్ బంద్ చేసి ప్లగ్ పీకినాకనే నీళ్ళలో చెయ్యి పెట్టాలె, పిల్లలకు ఇది గట్టిగా చెప్పి పెట్టండి.

హీటర్ లెక్క చూద్దాం. రెండు వేల వాట్లది గంటకు రెండు యూనిట్లు, రోజూ మూడు గంటలేస్తే ఆరు, నెలకు 180. తెలంగాణ సర్కారు గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇల్లనుకోండి, ఫ్రిజ్, టీవీ, లైట్లకు మామూలుగా వంద దాకా కాలుతున్నయనుకుంటే హీటర్‌తో 280 అయితది. 200 దాటితే పైన కాలిన 80కే కట్టుడు ఉండదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలె, మొదటి 200కు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 7 రూపాయల 70 పైసలు లెక్కన 1,636 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. సున్నా నుంచి ఒక్కసారే అంత ఎక్కుతది. 200ను 30 రోజులకు పంచితే రోజుకు ఆరున్నర యూనిట్లు, కాబట్టి వారానికి ఒకసారి మీటర్ మీద అంకె రాసిపెట్టుకుని 46 దాటుతుందో లేదో చూసుకోండి.

దానికి బదులు ఎలక్ట్రిక్ బ్లాంకెట్ చూడండి, పరుపు మీద పరిచేది, ఒక్కరికి సరిపోయేది వంద వాట్ల లోపే ఉంటది, రాత్రి ఎనిమిది గంటలు వేసినా యూనిట్‌లో పదింట ఎనిమిది పాళ్ళు కూడా దాటదు. అసలు అంతసేపు కూడా వద్దు, పడుకునే అరగంట ముందు వేసి, పక్క వెచ్చబడ్డాక బంద్ చేసి పడుకుంటే చాలు. మడత పెట్టి వాడొద్దు, తడి తగలొద్దు, పక్క తడిపే పిల్లలకు, లేవలేని ముసలోళ్ళకు పెట్టొద్దు. హీటరే కావాలంటే హాలోజన్‌ది 400 వాట్ల మీద పెట్టి చదువుకునే పిల్లల దిక్కు తిప్పండి, అది గాలిని కాకుండా ఎదురుగా ఉన్న మనిషిని వేడి చేస్తది కాబట్టి సందులున్న రేకుల ఇంట్లో అదే నయం. దుప్పటి, కర్టెన్ దానికి మూడడుగుల దూరంలో ఉండాలె. రెండు వేల వాట్లది తొమ్మిది ఆంపియర్ల దాకా గుంజుతది, చిన్న ఆరు ఆంపియర్ల సాకెట్‌కు, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే వైర్ కరుగుతది, పదహారు ఆంపియర్ల పెద్ద సాకెట్ ఉంటేనే వాడండి.

బొగ్గుల కుంపటి గురించి దయచేసి ఓపికగా చదవండి. తలుపులు మూసిన రూమ్‌లో కుంపటి పెట్టుకుని పడుకుని పొద్దున్నే లేవని మనుషుల వార్తలు చలికాలంలో వస్తూనే ఉంటయి. "పొగ పోయేదాకా బయట పెట్టి, బొగ్గు ఎర్రగా అయినాకనే లోపలికి తెస్తం, ఏం కాదు" అంటరు, ప్రాణం తీసేది ఆ నమ్మకమే. కార్బన్ మోనాక్సైడ్‌కు పొగ ఉండదు, వాసన ఉండదు, రంగు ఉండదు, ఎర్రగా కణకణలాడే బొగ్గు నుంచి కూడా అది వస్తనే ఉంటది. రక్తానికి ఆక్సిజన్ కన్నా 200 రెట్ల పైన గట్టిగా పట్టుకుంటది, తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండుడు, మత్తు, అంతే, నిద్రలో ఉన్నోళ్ళకు అవి కూడా తెల్వవు. గ్యాస్ స్టవ్ వెలిగించి రూమ్ వేడి చేసుకునుడు, గాలి పోయే దారి లేని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుడు కూడా ఇదే ప్రమాదం. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తల తిరుగుతుందంటే తలుపులన్నీ తీసి అందరినీ బయటికి తెచ్చి 108కి కొట్టండి.

చలిమంట వేసుకునుడు మనకు అలవాటు, వేసుకోండి, వాకిట్లో. ఈ కాలంలో పత్తి కట్టె కావాల్సినంత దొరుకుతది, అదే మంట మీద ఒక గిన్నె నీళ్ళు కూడా కాగబెట్టుకుంటే రాడ్ ఖర్చు తప్పుతది. టైర్లు, ప్లాస్టిక్ వేయొద్దు. పాలిస్టర్ శాలువా, నైలాన్ చీర కట్టుకుని మంట దగ్గర కూర్చుంటే రవ్వ పడ్డచోట కరిగి చర్మానికే అతుక్కుంటది, నూలువో ఉన్నివో కట్టుకుని కూర్చోండి.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దోళ్ళుంటే వేడి నీళ్ళ బ్యాగ్ పాదాల మీద పెట్టనీయొద్దు, స్పర్శ తగ్గి ఉంటది కాబట్టి కాలినా తెలియదు, సాక్సులు తొడిగి బొంత కప్పితే మంచిది. చలికి బీపీ పెరుగుతది, తెల్లారుజామున నాలుగింటికి లేచి చన్నీళ్ళ స్నానం చేసే అలవాటు ఉన్న తాతలు, నాయనమ్మలు ఎండెక్కినాక చేస్తే మేలు, గోరువెచ్చటి నీళ్ళతో.

పుట్టిన పిల్లల దగ్గర హీటర్లు, వేడి సీసాలు పెట్టొద్దు. తల్లి ఛాతీ మీద బిడ్డను చర్మానికి చర్మం తగిలేటట్టు పడుకోబెట్టి ఇద్దరి మీదా కలిపి దుప్పటి కప్పుడు, ఆస్పత్రుల్లో కంగారూ మదర్ కేర్ అని చెప్పేది ఇదే, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఇంతకన్నా మంచి వేడి ఇంట్లో దొరకదు. తల్లికి చేతగానప్పుడు తండ్రైనా, నాయనమ్మైనా చేయొచ్చు. తలకు టోపీ ఉండాలె, ముఖం మీద దుప్పటి రావొద్దు, పుట్టిన రోజే స్నానం పోయొద్దు. బిడ్డ అరికాళ్ళు ముట్టి చూడండి, తర్వాత పొట్ట ముట్టి చూడండి, కాళ్ళు మాత్రమే చల్లగా ఉంటే ఇంకో పొర కప్పి దగ్గరికి తీసుకోండి, పొట్ట కూడా చల్లగా ఉన్నా, పాలు తాగుడు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా, బిడ్డను ఛాతీకి అట్లనే ఆనించుకుని ఆస్పత్రికి పోండి.